బల్లకి దూరంగా మూడు నెలలు

…అలా అనుకుంటే ఈ కొక్కెం కూడా ఎవరి దగ్గరో కాజేసిందే అవ్వాలి. జర్మనీవాడి వ్యాగను కొక్కెం, ఇంగ్లండువాడి వ్యాగను కొక్కెం పక్కపక్కన పెడితే ఒక తల్లి బిడ్డల్లా ఉన్నాయి. ఎవడిది చూసి ఎవడు గీశాడు? అసలు చూసే గీశాడా, లేక అంత బరువు లాగాల్సి వస్తే ఇనుము ఏ దేశంలోనైనా చివరికి ఆ వంపే తిరుగుతుందా? తిరుగుతుందనే అనుకుందాం. మరి రొట్టె సంగతో? రొట్టె లాగే బరువేముంది?

భీమారావు పెన్ను పక్కన పెట్టి, సిరా ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రాయపూర్ వ్యాగన్ రిపేరు షాపులో, డ్రాయింగ్ ఆఫీసు కిటికీ పక్క సీటు అతనిది. పాత డ్రాయింగు మీద పల్చటి కాగితం పరిచి కింద గీతల్ని పైకి దింపడం కుర్రవాళ్ళ పని. దింపింది సరిగ్గా ఉందో లేదో చూడటం అతని పని. ప్రతి కాగితానికీ కింద మూల రెండు గడులుంటాయి. గీసినవారు, సరిచూసినవారు. రెండో గడిలో పన్నెండేళ్ళుగా అతని పొడి అక్షరాలే. కొలత కొలతకీ స్కేలు పెట్టి చూడందే ఆ గడిలో కలం ఆనించడు. తొందరపెట్టే పై అధికారులకి అతనంటే చిరాకు, గౌరవమూను.

ఆ అలవాటే అతన్ని బల్లకి దూరం చేసింది.

బల్ల అంటే ప్రభువు బల్ల. రైల్వే కాలనీ తెలుగు క్రైస్తవ సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం నాడు, తెల్లగుడ్డ కప్పి ఉంచుతారు. గుడ్డ కింద పళ్ళెంలో రొట్టె ముక్కలు, బుల్లి గ్లాసుల్లో ద్రాక్షరసం. పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నప్పటి నించి భీమారావు ఆ రొట్టె తినని నెల లేదు. జ్వరంగా ఉన్నప్పుడు కూడా మఫ్లరు చుట్టుకుని వెళ్ళి తిన్నాడు. అలాంటివాడు సెప్టెంబరులో పళ్ళెం తన ముందుకొస్తే తలొంచుకుని పక్కవాడికి అందించేశాడు. అక్టోబరులో అదే పని చేశాడు. నవంబరులోనూ అంతే.

కారణం, రైల్వే ఇనిస్టిట్యూట్ లైబ్రరీలో దొరికిన ఒక ఇంగ్లీషు పుస్తకం. అట్ట లేదు, మొదటి పది పేజీలు లేవు, రాసినవాడి పేరు లేదు. చచ్చి మళ్ళీ లేచిన దేవుళ్ళు క్రీస్తుకి ముందే బోలెడంత మంది ఉన్నారని అందులో ఉంది. ఈజిప్టులో ఒకాయన్ని ముక్కలుగా నరికితే పెళ్ళాం ఏరుకొచ్చి అతికిందట. సిరియాలో ఆడవాళ్ళు ఏటేటా ఒక కుర్ర దేవుడి చావుకి ఏడ్చేవారట. డిసెంబరు ఇరవై అయిదు అసలు సూర్యుడి పుట్టినరోజట. రోము సిపాయిలు మిత్రుడనే దేవుడికి గుహల్లో పూజ చేసి, రొట్టె విరుచుకుని పంచుకు తినేవారట. కాబట్టి, అని పుస్తకం తేల్చింది, కిరస్తానం వాళ్ళ ఇల్లంతా అరువు సామానే.

చదివినప్పుడు భీమారావుకి గుండె ఆగలేదు, నిద్రా చెడలేదు. అతను స్కేలు తీశాడు. పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న నోట్సు భూతద్దం పెట్టి చదివాడు. మిత్రుడి రొట్టె గురించి మనకి చెప్పిన పాత సాక్షి ఎవరయ్యా అంటే, క్రీస్తు పోయిన వందేళ్ళు దాటాక ఒక క్రైస్తవ పెద్ద. ఆయనేమో, వాళ్ళే మనది చూసి కాపీ కొట్టారని మొత్తుకున్నాడు. సూర్యుడి పుట్టినరోజూ క్రీస్తు పుట్టినరోజూ రెండూ మొదట కనిపించేది ఒకే పాత పంచాంగంలో. అంటే రెండు డ్రాయింగులున్నాయి, తారీకు వేసిన గడి రెంటిలోనూ చిరిగిపోయింది. ఏది అసలు, ఏది నకలు? అది తేలందే సరిచూసినవారు గడిలో సంతకం ఎలా పెట్టడం? తినడమంటే సంతకమే కదా.

నిజం చెప్పుకోవాలంటే అతనికిది బాధగా లేదు. నలభై తొమ్మిదేళ్ళ జీవితంలో భార్యకి తప్ప ఎవరికీ చెప్పని సంగతంటూ ఒకటి ఉండటం ఇదే మొదలు. సైకిలు తొక్కుతున్నప్పుడు, స్నానం చేస్తున్నప్పుడు, షాపు సైరను మోగేటప్పుడు దాన్ని బయటికి తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టుకునేవాడు. ఆ సందేహం అతనికి ముద్దుగా ఉంది.

"రావ్ సాబ్, ఇంకా కొక్కెమేనా?" అన్నాడు పక్క సీటు దేవాంగన్, టిఫిన్ డబ్బా మూత పెడుతూ. అతనిది ఆరంగ్. హిందీలో మొదలెట్టి ఛత్తీస్‌గఢీలో ముగిస్తాడు.

"దేవాంగన్, మీ ఊళ్ళో ఆ రాజు కథ ఉంది చూడు, కొడుకుని రంపంతో కోసినవాడు. అది ఎక్కడి నించి వచ్చింది?"

"ఎక్కడి నించి రావడమేంటి? మా ఊళ్ళోనే జరిగింది. ఆరా అంటే రంపం, దాని వల్లే మా ఊరికి ఆ పేరొచ్చింది. దేవుడు అతిథిలా వచ్చి కొడుకు మాంసం అడిగాడు. రాజూ రాణీ చెరో పక్క పట్టుకుని కోశారు. తర్వాత దేవుడు కొడుకుని బతికించాడు."

"ఇలాంటి కథే మా తెలుగువాళ్ళకీ ఉంది. కొడుకుని వండి పెట్టిన అమ్మ కథ. మా గ్రంథంలోనూ ఒక తండ్రి కొడుకు మీద కత్తెత్తుతాడు."

"అయితే మీవాళ్ళంతా ఆరంగ్ వచ్చి విని వెళ్ళుంటారు," అన్నాడు దేవాంగన్ తడుముకోకుండా. "బస్సులున్నాయిగా."

శనివారం కావడంతో ఒంటిగంటకే సైరను మోగింది. భీమారావు నవ్వుకుంటూ సైకిలు తీశాడు. డిసెంబరు ఎండ వీపు మీద పల్చటి శాలువాలా ఉంది. బేకరీ దగ్గర ఆగి రెండు రొట్టెలు తీసుకుని హ్యాండిలుకి తగిలించాడు. ఈ నెల బల్ల సిద్ధం చేసే వంతు వాళ్ళ ఇంటిదే. రొట్టె కొయ్యడం మగవాడి వంతు, ద్రాక్షరసం ఆడవాళ్ళ వంతు. ఏడాదికోసారి వచ్చే వంతు. తప్పించుకోవడానికి వీల్లేదు.

ఇంట్లో కిస్‌మిస్ ఉడుకుతున్న తీపి వాసన. అతని భార్య వరహాలమ్మ గిన్నె ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. అతన్ని చూసి గరిటె ఆపలేదు.

"ఒక సంగతి చెప్తాను, వింటారా?"

"విననంటే చెప్పడం మానేస్తావా?"

"మానను. రేపు మనం కోసిన రొట్టె ఊరంతా తిని మీరు తినకపోతే నా ముఖం ఎక్కడ పెట్టుకోమంటారు? వంటమనిషి తినని కూర ఎవడైనా ముట్టుకుంటాడా? మీరు తినకపోతే నేనూ తినను. ఇద్దరం తినకపోతే వంతు మరొకరికి ఇచ్చేమని పాస్టరు అయ్యగారికి కబురెడతాను. సాయంత్రం లోపల చెప్పండి."

"అది కోపం వల్ల కాదని నీకు తెలుసుగా. ఆ పుస్తకం..."

"తెలుసు. అట్టలేని పుస్తకం. రొట్టె మనవాళ్ళు ఎవరి దగ్గరో తెచ్చుకున్నారనేగా? సరే, తెచ్చుకున్నారే అనుకోండి. ఇప్పుడేటి చెయ్యమంటారు, తిరిగిచ్చేమంటారా?"

భీమారావు రొట్టెలు గూట్లో పెట్టాడు. ఆ ప్రశ్న పుస్తకంలో ఏ నోట్సులోనూ లేదు.

బల్లకి దూరంగా ఉన్నవాడి గురించి ఆ సంఘంలో ఎవరూ పుస్తకాల దాకా వెళ్ళరు. వాళ్ళకి తెలిసిన కారణం ఒక్కటే. ఎవరితోనో పగ ఉంది. సహోదరుడితో మాట తేడా ఉన్నవాడు ముందు వెళ్ళి సమాధానపడి, ఆ తర్వాత బల్ల దగ్గరికి రావాలి. అది వాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చిన చదువు. అంచేత సెప్టెంబరు నించీ కాలనీలో ఒకటే లెక్క, భీమారావుగారికి ఎవరి మీద కోపం? ఎవరికి వాళ్ళు తమ మీదే అనుకున్నారు.

మొదట వచ్చినవాడు పక్క క్వార్టరు కొండలరావు. ఫిట్టరు. గుడిలో, అంటే చర్చిలో, తబలా వాయిస్తాడు.

"బావా, కోపం ఉంటే ముఖం మీద తిట్టీ. బల్ల మీద చూపించకు," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"నాకేం కోపం?"

"నాటకాలొద్దు. నీ సైకిలు పంపు ఆర్నెల్ల కిందట పట్టుకెళ్ళాను. తెద్దామనుకునేసరికి వాసరు పోయింది. సిగ్గేసి దాచేశాను. ఇదిగో, కొత్త వాసరేశాను. కొట్టి చూసుకో."

ఆ పంపు ఊరెళ్ళినప్పుడు రైల్లో మర్చిపోయాననుకుని భీమారావు ఎప్పుడో దాని ఆశ వదులుకున్నాడు.

తర్వాత వారం శేషమ్మ వచ్చింది. డెబ్భై ఏళ్ళ వితంతువు. సంఘంలో అందరికీ పెద్దమ్మ. సంచిలోంచి మునక్కాడ పచ్చడి సీసా తీసి భీమారావు చేతిలో పెట్టింది. "మీరు విజీనారం వెళ్ళినప్పుడు మీ చెట్టు కాడలు నాలుగు కోసుకున్నాను బాబూ. ప్రభువు ముందు అబద్ధం ఎందుకు, పదకొండు," అని కళ్ళు తుడుచుకుంది. అక్టోబరు తర్వాత అయ్యగారు భార్యతో సహా వచ్చారు. టీ తాగి, గొంతు సవరించుకుని, 'పుస్తకాలతో తల నింపుకుని హృదయం ఖాళీగా ఉంచుకునేవాళ్ళు' అని ఒక ప్రసంగంలో తాను అన్న మాట భీమారావునే ఉద్దేశించిందని, అది తప్పేనని ఒప్పుకున్నారు. భీమారావు ఆ ప్రసంగంలో కునుకు తీశాడు. ఆ సంగతి చెప్పి ఆయన్ని నొప్పించడం దేనికని, "పోనివ్వండి అయ్యగారూ, క్షమించేశాను," అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఇలా మూడు నెలల్లో తనకి తెలియని తప్పులన్నీ తన గుమ్మంలోకి నడిచొచ్చాయి. రాత్రి భోజనాల దగ్గర వరహాలమ్మతో చెప్పి నవ్వేవాడు. సందేహం ఇంత ఫలిస్తుందని తెలిస్తే పదేళ్ళ కిందటే మొదలుపెట్టేవాణ్ణి అనేవాడు.

ఇప్పుడు గిన్నె దగ్గర వరహాలమ్మ రసం వడగడుతుంటే అతను గుడ్డ పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. బయట గేటు గడియ చప్పుడైంది. అతను తలెత్తి చూశాడు. గాలి.

"ఇంకెవరు రావాలని?" అంది వరహాలమ్మ.

"ఏం?"

"మూడు నెలలై చూస్తున్నాను. గడియ చప్పుడైతే చాలు, మెడ అటు తిరుగుతుంది. కొండలరావొచ్చాడు, పెద్దమ్మొచ్చింది, అయ్యగారొచ్చారు. ప్రతిసారీ మీరు లేచి ఎదురెళ్ళి, చూసి, మళ్ళీ కూర్చుంటున్నారు, రావాల్సినవాడు కాదన్నట్టు."

గుడ్డలోంచి ఎర్రటి రసం చుక్క చుక్కగా కారుతోంది. భీమారావు చేతులు కదపకుండా పట్టుకున్నాడు. మనసులో మాత్రం ఎవరో దీపం పట్టుకుని వెనక గదుల్లోకి నడిచినట్టయింది.

ఆ పుస్తకం దొరికింది అంటున్నాడు. దొరకలేదు. వెతికాడు. ఆగస్టులో మూడు సాయంత్రాలు లైబ్రరీ దుమ్ములో కూర్చుని వెతికాడు. దేనికోసం? పాల కోసం. చచ్చినవాళ్ళ గోరీల మీద పాలు, తేనె పొయ్యడం పాత అన్యజనుల ఆచారమని ఎక్కడైనా అచ్చులో ఉందేమో చూడ్డానికి. ఉంది. నలభయ్యో పేజీలో. ఆ పేజీ మడత పెట్టాడు, తిల్దాలో ఉన్న తమ్ముడు సూరిబాబుకి చూపిద్దామని. తర్వాత ఊరుకోలేక ముందుకి చదివాడు. అరవయ్యో పేజీలో తన రొట్టె కూడా అదే జాబితాలో కనిపించింది. అక్కడి నించి పాల సంగతి మర్చిపోయాడు. మర్చిపోయాడా, లేక రొట్టె కింద దాచాడా?

వాళ్ళమ్మ తాయారమ్మ కిందటేడు అక్టోబరు మొదట్లో పోయింది. చివరి ఏడాది తిల్దాలో చిన్నకొడుకు దగ్గరే ఉంది. రాయపూర్ తెచ్చి క్రైస్తవుల శ్మశానంలో పెట్టారు. మూడో రోజు ప్రార్థనకి అందరూ సమాధి దగ్గర చేరారు. ఆమెన్ అన్నాక సూరిబాబు సంచిలోంచి ఇత్తడి చెంబు తీసి, మూత విప్పి, పచ్చి మట్టి మీద పాలు పోశాడు. సంఘమంతా చూస్తోంది. భీమారావు ఒళ్ళు మండింది. సూరిబాబు గుడికి రావడం ఎప్పుడో తగ్గించాడు. హిందువుల పిల్లని చేసుకున్నాడు. ఇప్పుడు అమ్మ మీద కూడానా! "ఏట్రా ఈ అన్యాచారం? మనకి లేనివన్నీ వాళ్ళ దగ్గరా వీళ్ళ దగ్గరా అరువు తెచ్చి అమ్మ నెత్తిన పోస్తావా? తియ్యి ఆ చెంబు!" అని అరిచాడు. సూరిబాబు చెంబుకి మూత పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే రైలెక్కాడు. పద్నాలుగు నెలలు. రెండు స్టేషన్ల మధ్య గంట ప్రయాణం.

అతనికి ఎవరి మీదా పగ లేదన్నది నిజమే. సంఘం వాళ్ళ లెక్కలో దిక్కు మాత్రమే తప్పు. తప్పు చేసినవాడు వచ్చి గడియ తీస్తాడని కూర్చున్నాడు గానీ, ఎవరి గడియ ఎవరు తియ్యాలో సరిచూసుకోలేదు.

"రెండున్నర పాసింజరు దొరుకుతుందా?" అన్నాడు.

వరహాలమ్మ గుడ్డ అతని చేతిలోంచి తీసుకుంది. "సైకిలు మీద వెళ్తే దొరుకుతుంది. పంపు కొట్టుకుని మరీ వెళ్ళండి."

తిల్దాలో దిగేసరికి రైసు మిల్లుల ఊక దుమ్ము ఎండలో బంగారప్పొడిలా తేలుతోంది. దారంతా ఒక వాక్యం కట్టుకుంటూ వచ్చాడు. అందులో 'నీ నమ్మకం నీది' అన్న ముక్క ఉంది, 'పెద్దవాణ్ణి గనక' అన్న ముక్క ఉంది. స్టేషను వెనక క్వార్టర్లలో మూడోది సూరిబాబుది. బుకింగ్ క్లర్కు. పొద్దుటి డ్యూటీ దిగి, బనీనుతో గుమ్మంలో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు.

"అన్నియ్యా!" అని లేచాడు. బ్లేడు కింద పడింది. "ఏటైంది? వదినకి బాగానే ఉందా?"

"అందరం బాగానే ఉన్నాం."

"మరి?"

కట్టుకున్న వాక్యం ఎటు పోయిందో పోయింది. "ఆ రోజు... అమ్మ దగ్గర. నేను అంతమందిలో అలా అరవకుండా ఉండాల్సిందిరా."

సూరిబాబు లోపలికెళ్ళి కుర్చీ తెచ్చి వేశాడు. తను గుమ్మంలోనే కూర్చున్నాడు.

"ఆచారం ఎవరిదైతేనేం, మీ అత్తారివైపు పద్ధతైతే మాత్రం..." అని మొదలెట్టాడు భీమారావు.

"మావైపు ఎవరూ పొయ్యమన్లేదు బావగారూ," వంటింట్లోంచి సూరిబాబు భార్య గంగాభవాని గొంతు ఖంగుమంది. "నన్ను ఇందులోకి లాగకండి. ఆ రోజు చెంబు ఎందుకండీ అని నేనే అడిగాను. చెప్తే గదా!"

"మరెవరు పొయ్యమన్నారు?"

"అమ్మే," అన్నాడు సూరిబాబు.

"అమ్మ అలా చెప్పదు. నలభై ఏళ్ళు నమ్మకంగా బతికిన మనిషి."

"నీకు తెలీదు అన్నియ్యా. చివరి నాలుగు నెలలూ విరేచనాలు కట్టక, పాల చుక్క పొయ్యొద్దన్నాడు డాక్టరు. అమ్మకి పాలంటే ఎంత యావో నీకు గుర్తుందా? టీలో కూడా లేకుండా చేసేశాను. దొంగతనంగా తాగుతుందని గిన్నె పైన అటక మీద పెట్టేవాళ్ళం. నన్ను తిట్టిన తిట్లు నీకు చెప్తే నువ్వు బాప్తిస్మం వెనక్కి తీసుకుంటావు. ఒకరోజు ఇంక తిట్టే ఓపిక లేక నవ్వేసింది. 'ఒరే, నన్ను కప్పెట్టేక అయినా ఓ చెంబుడు పాలు పొయ్యరా కొడకా, అప్పుడు ఏ డాక్టరొచ్చి అడ్డుపడతాడో చూస్తాను' అంది. సరే అన్నాను. బస్, అంతే."

భీమారావు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "మరి మూడో రోజే ఎందుకు పోశావు? మూడో రోజు పాలు పొయ్యడం హిందువుల పద్ధతి గదా?"

"మొదటి రోజు వాన కురిసింది. నువ్వే గొడుగు పట్టావు. రెండో రోజు రిలీఫు దొరక్క డ్యూటీ చేశాను. ఇంక మిగిలింది మూడో రోజే."

"అక్కడే చెప్పొచ్చుగా!"

"ఏటని చెప్పను? సంఘమంతా ఏడుపు ముఖాలు పెట్టుకుని నిలబడితే, మా అమ్మ అటక మీద పాలు దొంగతనం చేసేదనా?" సూరిబాబు కింద పడిన బ్లేడు తీసి పక్కన పెట్టాడు. "నోరు తెరిస్తే నవ్వొస్తుందో ఏడుపొస్తుందో తెలీలేదు. అదీగాక నువ్వు అడగలేదు అన్నియ్యా. నువ్వు తేల్చేశావు."

గంగాభవాని చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. మొగుడి ముఖం కేసి చూసింది. "ఇన్నాళ్ళూ నాకైనా చెప్పలేదు, చూశారా?" అంది, ఈసారి మెల్లగా.

"కోపం ఉందా?" అన్నాడు భీమారావు.

"లేకుండా ఎలా ఉంటాది? పద్నాలుగు నెలలు దాచాను. ఊరికే దాస్తానా?" అని సూరిబాబు ముక్కు ఎగబీల్చాడు. "ఇప్పుడు నువ్వే వచ్చేసరికి ఎక్కడ పెట్టానో కనబడ్డం లేదు. అన్నం తిన్నావా?"

తినలేదన్న సంగతి భీమారావుకి అప్పుడే గుర్తొచ్చింది. గంగాభవాని కంచం పెట్టి, వంకాయ కూర వడ్డిస్తూ, "దేవుడి దగ్గర పెట్టింది కాదు బావగారూ, భయం లేకుండా తినండి. ప్రసాదం వేరే డబ్బాలో ఉంది, దానికి తాళం వేశాను," అంది. ముగ్గురూ నవ్వారు. భీమారావు మారు వడ్డించుకుని తిన్నాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని మళ్ళీ ఆలోచన తవ్వుకున్నాడు. తనకి ఆ పాలు అచ్చు నకలులా కనిపించాయి. ఆకారం అదే, రోజు అదే, చెంబు కూడా అదే. లోపల ఉన్నది మాత్రం ఒక ముసలమ్మ జిహ్వ, ఒక కొడుకు మాట. అలాగని నకలు కాదని చెప్పగలడా? అమ్మ పుట్టినచోట ఆమె చిన్నప్పుడు గోరీల మీద పాలు పొయ్యడం చూసే ఉంటుంది. నవ్వుతూ అడిగిన ఆ కోరిక అడుగున ఆ పాత చెంబు ఉందేమో. ఉందని అమ్మకే తెలియదేమో. ఎవరు సరిచూస్తారు? ఏ భూతద్దం పెట్టి?

ఆ రొట్టె కూడా అంతే కావచ్చు. గుహలో సిపాయిలు ముందు విరిచారో, మేడగదిలో క్రీస్తు వెంట ఉన్న చేపలవాళ్ళు ముందు విరిచారో అతనికి తెలియదు. పుస్తకం రాసినవాడికీ తెలియదు. వాడూ తన లాగే దూరం నించి చెంబు చూసి అరిచాడు, అడగకుండా. బయట చేలల్లో కోసిన వరి కుప్పలు వరసగా వెనక్కి పోతున్నాయి. తేలని లెక్క ఒడిలో పెట్టుకుని కూడా మనిషి ఇంత తేలిగ్గా కూర్చోగలడని అతనికి ఆశ్చర్యమేసింది. స్టేషన్లో దిగి, సైకిలు తీసుకుని, వీధి దీపాలు వెలుగుతుండగా ఇంటికి చేరాడు. వరహాలమ్మ అతని ముఖం చూసి, అయ్యగారికి రాసిన చీటీ చింపి పొయ్యిలో వేసింది.

ఆదివారం పొద్దున్నే రొట్టె కోశాడు. గట్టి అంచులు తీసేసి, అరంగుళం గళ్ళు. మిగతావాళ్ళ వంతుల్లో ముక్కలు ఒకటి బొటనవేలంత, ఒకటి గోరంత ఉంటాయి. భీమారావు వంతు వచ్చినప్పుడు మాత్రం లూడో పాచికల్లా ఉంటాయని పిల్లలు చెప్పుకుంటారు.

గుడిలో పాటలయ్యాయి. ప్రసంగం అయింది. ఈసారి అతను నిద్రపోలేదు. అయ్యగారు తెల్లగుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టి, ప్రార్థన చేసి, పళ్ళెం మొదటి వరసకి ఇచ్చారు. పళ్ళెం చేతులు మారుతూ వస్తోంది. అందరి కళ్ళూ నేల మీద ఉన్నాయి. అందరి చెవులూ మూడో వరసలో, భీమారావు మీద ఉన్నాయి. అటు ఆడవాళ్ళ చాపల మీద వరహాలమ్మ కొంగు తల మీదికి లాక్కుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అటే చూస్తోంది. కొండలరావు ఒక ముక్క తీసుకుని పళ్ళెం అతని ముందు పట్టాడు. "బావా," అన్నాడు గొంతు దించి, "నువ్వు తినకపోతే ఇంకో తప్పు ఒప్పుకోవాల్సొస్తాది. నా దగ్గర ఇంకొకటి ఉంది."

ఇది మొదట ఎవరిది? భీమారావుకి ఇప్పటికీ తెలియదు. ఇంకో మంచి పుస్తకం దొరికితే చదువుతాడు కూడా. అతను చెయ్యి చాచి, పళ్ళెం అంచున ఉన్న ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.